స్ఫటికాల మీద మనసు పడిన అమ్మాయికి ఏ బ్రాంచి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. అంతరిక్షంలో లోహ స్ఫటికాలు చెట్టు కొమ్మల్లా ఎలా పెరుగుతాయో పరిశోధిస్తానంటోంది. ఏరోస్పేస్‌లో చేర్పించాలా? బంధువులంతా సీఎస్ఈ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది సార్. - ఒక తండ్రి

జవాబు: ఏరోస్పేస్ వద్దండీ. మీ అమ్మాయి కోరుతున్నది మెటలర్జీ, అంటే లోహాల ఇంజినీరింగ్. రాకెట్ ఆ ప్రయోగాన్ని మోసుకెళ్లే బండి. లోపల జరిగేది కరిగిన పదార్థం గడ్డకట్టడం.

ఇంట్లో జీఐ బకెట్ (జింకు పూత వేసిన ఇనుప బకెట్) ఉంటే చూడండి. దాని మీద మెరిసే పూల మచ్చలు జింకు గడ్డకడుతూ కొమ్మలు వేసిన గుర్తులే. కాలేజీ ల్యాబులో లెక్చరర్ గారిని అడిగి, వేడి నీళ్లలో అమోనియం క్లోరైడ్ కరిగినంతా కరిగించి, ఒక చుక్క గాజు పలక మీద వేసి భూతద్దంతో చూడమనండి. చల్లారేకొద్దీ అంచుల నుంచి ముళ్లు దూసుకొస్తాయి, ఆ ముళ్లకు పక్క కొమ్మలు మొలుస్తాయి. అదే డెండ్రైట్.

మరి అంతరిక్షం దాకా ఎందుకు? గడ్డకట్టేటప్పుడు వేడి విడుదలవుతుంది. భూమి మీద ఆ వేడికి చుట్టూ ఉన్న ద్రవం కదిలి, కొమ్మ పెరిగే వేగాన్నే మార్చేస్తుంది. బరువు తెలియని అంతరిక్షంలో ఆ కదలిక దాదాపు ఉండదు. అప్పుడే కొమ్మ వేగం గురించి సిద్ధాంతం వేసిన లెక్క సరో కాదో తేలుతుంది. అందుకే అమెరికాలోని రెన్సెలేర్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మార్టిన్ గ్లిక్స్‌మన్ బృందం 1994, 1996, 1997లో కొలంబియా అనే అంతరిక్ష నౌక (షటిల్)లో ప్రయోగం పంపింది. మొదటి రెండుసార్లు వాడింది లోహం కాదు, లోహంలాగే కొమ్మలు వేస్తూ గడ్డకట్టే, 58 డిగ్రీల దగ్గర కరిగే సక్సినోనైట్రైల్ అనే రసాయనం. అది పారదర్శకం కాబట్టి కొమ్మ సాగుతుంటే కెమెరాకు దొరుకుతుంది. 1997 యాత్రలో కల్పనా చావ్లా కూడా ఉన్నారు, ఆమెకదే మొదటి ప్రయాణం. ఈ సంగతి అమ్మాయికి తప్పకుండా చెప్పండి. మనవాళ్లూ ఇలాంటి పని చేశారు: 2007 జనవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లి బంగాళాఖాతంలో దిగిన ఇస్రో క్యాప్సూల్‌లో లోహ ప్రయోగానికి ఒక చిన్న కొలిమి ఉంది.

ఎన్ఐటీ వరంగల్, ఐఐటీ హైదరాబాద్ రెండింట్లోనూ మెటలర్జీ ఉంది. కటాఫ్ సీఎస్ఈ అంత కఠినంగా ఉండదు. తర్వాత గేట్ (పీజీ ప్రవేశ పరీక్ష), బెంగళూరు ఐఐఎస్‌సీ లాంటి చోట పీహెచ్‌డీ. ఒక మాట దాచను: అంతరిక్ష ప్రయోగం చేసే అవకాశం పీహెచ్‌డీ తర్వాత కూడా కొద్దిమందికే వస్తుంది. అయినా చదువు వృథా పోదు. జెట్ ఇంజిన్ బ్లేడు పోత పోసేవాళ్లకూ ఈ కొమ్మల లెక్కే కావాలి. హైదరాబాద్‌లోనే రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్, ప్రత్యేక లోహాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ మిధాని ఉన్నాయి. కోడింగ్ ఇష్టమైతే అదీ పనికొస్తుంది, ఈ పెరుగుదలను కంప్యూటర్‌లో లెక్కగట్టడం పెద్ద పరిశోధనే.

ఆప్షన్లు పెట్టే రోజు తనను పక్కన కూర్చోబెట్టుకుని, మెటలర్జీని పైవరసలో పెట్టండి.