ట్రైలర్ లాగడానికి పాత బండా, కొత్త బండా? మేనల్లుడికి ఉత్తరం

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. 1978 ఫోర్డ్ ఎఫ్-250 పికప్ ట్రక్కు, నాలుగు తలుపులది, 460 క్యూబిక్ అంగుళాల పెద్ద ఇంజన్. బండి ముచ్చటగా ఉంది. అది కొని, లోపలే వండుకుని పడుకునే క్యాంపింగ్ ట్రైలర్ తగిలించుకుని జూన్‌లో డాలస్ నుంచి కొలరాడో వెళ్ళాలా, లేక షోరూమ్‌లో కొత్త ఎఫ్-150 తీసుకోవాలా అని అడిగావు. పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని ఆ పాత బండితో ట్రైలర్ లాగొద్దు అల్లుడూ. అలాగని కొత్త ఎఫ్-150 నీ అవసరానికి సరిపోతుందన్న నమ్మకమూ నాకు లేదు.

ముందు కొత్తదాని సంగతి. ప్రకటనల్లో 13 వేల పౌండ్లు లాగుతుందంటారు. ఆ అంకె అబద్ధం కాదు, కానీ బండిలో 150 పౌండ్ల మనుషులు ఇద్దరే ఉన్నారనుకుని కట్టిన లెక్క అది. నీకు కావాల్సిన అంకె డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన పసుపు, తెలుపు స్టిక్కర్ మీద ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదు అని ఆ బండికే ప్రత్యేకంగా రాసి ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటారు. హంగులన్నీ ఉన్న ఎఫ్-150లో అది చాలాసార్లు 1,400 నుంచి 1,700 పౌండ్ల మధ్యే ఉంటుంది.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. నువ్వు చూసిన ట్రైలర్ ఖాళీ బరువు 5,600 అన్నావు. నీళ్ళు, గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, వంట సామాను, బట్టలు చేరితే సులువుగా 7,000 అవుతుంది. నలభై గాలన్ల నీళ్ళే 330 పౌండ్లు ఉంటాయి. ఆ మొత్తంలో 10 నుంచి 15 శాతం ట్రక్కు వెనక భాగం మీద పడాలి. దాన్ని టంగ్ వెయిట్ అంటారు. అంతకన్నా తగ్గితే ట్రైలర్ హైవే మీద అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. 13 శాతం అనుకుంటే 910. ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే హిచ్ ఒక 90. మీరిద్దరూ, పిల్లలిద్దరూ, మీ అమ్మ, కార్ సీట్లు కలిపి 620. వెనక కూలర్, జనరేటర్ 150. మొత్తం 1,770. ట్రైలర్ లాగే శక్తి ఇంకా బోలెడు మిగిలి ఉండగానే స్టిక్కర్ అంకె దాటిపోయింది చూశావా! చాలామంది కుటుంబాలతో వెళ్ళేవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు.

పాత ఎఫ్-250కి బరువు మోసే చేవ ఉంది. రిపేరు కూడా తేలికే, బానెట్ ఎత్తితే ఏది ఎక్కడుందో కనిపిస్తుంది. నా భయం వేరే. వెనక సీట్లో నడుముకి కట్టుకునే బెల్టులే ఉంటాయి, పిల్లల కార్ సీట్లు బిగించే లాచ్ కొక్కేలు ఉండవు. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు, ఊగుడును ఆపే స్టెబిలిటీ కంట్రోల్ లేదు. ట్రైలర్ బ్రేకుల్ని ట్రక్కులోంచి నడిపే బ్రేక్ కంట్రోలర్ బయట కొని పెట్టించుకోవచ్చు. మిగతావి అంత తేలిగ్గా పెట్టించుకునేవి కావు.

ఇక దారి. అమరిల్లో దాటి, క్లేటన్ మీదుగా వెళ్తే రాటన్ పాస్ అనే కొండ కనుమ వస్తుంది, 7,834 అడుగులు. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకు మూడు శాతం దాకా బలం కోల్పోతుంది, అంటే అక్కడికి చేరేసరికి దాదాపు నాలుగో వంతు పోయినట్టే. పైగా పాత ఇంజన్లలో గాలి, పెట్రోలు కలిపే కార్బ్యురేటర్ ఆ ఎత్తులో పెట్రోలు ఎక్కువ కలుపుతుంది. ఎక్కడం నెమ్మదైతే ఓపిక పడితే సరిపోతుంది. నాకు టెన్షన్ అంతా దిగేటప్పుడే. మూడు గేర్ల ఆటోమేటిక్, వెనక డ్రమ్ బ్రేకులు, ఏడు వేల పౌండ్లు వెనక నుంచి తోస్తుంటే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. కొత్త బండ్లలో టో-హాల్ మోడ్ నొక్కితే గేరు దానంతటదే తగ్గి ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. కొండల్లో నేను అన్నిటికన్నా విలువ ఇచ్చేది దానికే.

అందుకే నా మాటగా మూడు నుంచి ఆరేళ్ళ పాత త్రీ-క్వార్టర్ టన్ను బండి వెతుకు, అంటే ఎఫ్-150 కన్నా ఒక మెట్టు పైన, ఎక్కువ బరువు మోసే రకం. ఎఫ్-250 కానీ, రామ్ 2500 కానీ, సిల్వరాడో 2500 కానీ. బ్రేక్ కంట్రోలర్ కంపెనీదే అయి ఉండాలి. పెట్రోలుదైనా చాలు. డీజిల్ బాగా లాగుతుంది, కానీ ఇంజనే బరువెక్కువ కాబట్టి పేలోడ్ తగ్గుతుంది, రిపేరు ఖర్చూ ఎక్కువ. 1978 బండి మీద అంత మనసుంటే తర్వాత కొనుక్కో, ఆదివారాలు నువ్వొక్కడివే తిప్పుకో. అప్పుడు నేనూ వచ్చి పక్కన కూర్చుంటాను.

బయల్దేరే ముందు సామానంతా ఎక్కించి, అందరూ కూర్చుని, ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ అనే బండ్ల కాటా మీద తూకం వేయించు. ట్రైలర్ టైర్ల మీద డాట్ నంబరు చివరి నాలుగు అంకెలు చూడు, ఏ వారం ఏ సంవత్సరం తయారయ్యాయో తెలుస్తుంది. వాడకపోయినా ఎండకి పాడవుతాయి కాబట్టి ఆరేళ్ళు దాటితే మార్చేయ్.

ఏ బండి చూడ్డానికి వెళ్ళినా ధర మాట్లాడకముందే తలుపు దగ్గర స్టిక్కర్ ఫొటో తీసి నాకు పంపు. లెక్క వేసి వెంటనే చెప్తాను.

మీ
మామయ్య