బ్రేక్ వదిలినా పాత బైక్ ముందు చక్రం ఎందుకు పట్టేసి ఉంటుంది?

డిస్క్ బ్రేక్ అయితే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: లోపల బ్రేక్ ఫ్లూయిడ్ ప్రెషర్ నిలిచిపోయిందా, కాలిపరే (ప్యాడ్లతో డిస్క్‌ను నొక్కి పట్టే భాగం) బిగుసుకుందా? ముందు చక్రం పైకి లేపి, కాలిపర్ మీదున్న బ్లీడ్ నిపుల్‌ను (ఫ్లూయిడ్, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూ) కాస్త వదులు చేయండి. ఫ్లూయిడ్ చిమ్మి చక్రం ఫ్రీ అయితే తప్పు కాలిపర్‌కు పైన ఉంది. మాస్టర్ సిలిండర్‌లో (బ్రేక్ లీవర్ దగ్గరుండి ఫ్లూయిడ్‌ను నెట్టే భాగం) ఫ్లూయిడ్ వెనక్కి వెళ్లే సన్నని రంధ్రం పూడుకుపోయి ఉండొచ్చు, లేదా పాత హోస్ (ఫ్లూయిడ్ వెళ్లే రబ్బరు గొట్టం) లోపల ఉబ్బి ఉండొచ్చు. పైకి హోస్ బాగానే కనిపిస్తుంది, చాలామంది అక్కడే పొరబడతారు. అప్పటికీ చక్రం తిరగకపోతే ప్యాడ్లను నెట్టే పిస్టన్‌నో, కాలిపర్ జరిగే స్లైడ్ పిన్నులనో తుప్పు, మురికి పట్టేసి ఉంటాయి. విప్పి శుభ్రం చేసి, సీళ్లు కొత్తవి వేయండి. పెట్రోలు, ఇంజిన్ ఆయిల్ మాత్రం తగలనివ్వకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. చివర్లో బ్రేక్ లైన్‌లో చేరిన గాలి మొత్తం తీసేయాలి. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి 2 ఏళ్లకోసారి మార్చండి.