ఫాల్స్ సీలింగ్ మూసేలోపు ఆ ఫ్లెక్సిబుల్ వైరు సంగతి తేల్చుకో

చిరంజీవి శ్రీనుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. స్విచ్ బోర్డు నుంచి లైట్ల దాకా మొత్తం తెల్ల జాకెట్ ఉన్న ఫ్లెక్సిబుల్ కేబులే, అంటే సన్న రాగి తీగలు కలిపి సులువుగా వంగేలా చేసినదే, లాగేశారు. సీలింగ్ మూసేయబోతున్నారు, ఉంచమంటారా, పీకించమంటారా అని అడిగావు. అంతా పీకించాల్సిన అవసరం రాకపోవచ్చు. మూయడం మాత్రం వెంటనే ఆపించు. పలకలు బిగించేశాక నేను చెప్పేవి ఒక్కటీ చూడటానికి కుదరదు.

"లైట్లకేగా సార్, ఎంత లోడు పడుతుంది" అని మీ ఎలక్ట్రీషియన్ అన్నాడన్నావు. లోడు వరకూ ఆయన మాట నిజమే. 9 వాట్ల ఎల్‌ఈడీలు పది వెలిగినా 90 వాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర అర ఆంపియరు కూడా కాదు. కానీ వైరు సైజు లైట్లను చూసి మాత్రమే తేల్చేది కాదు, బోర్డులో దానికి కాపలా ఉన్న ఎంసీబీని, అంటే కరెంటు హద్దు మీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్‌ని కూడా చూడాలి. 0.5 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్ మోసేది 3 ఆంపియర్లు. దాని ముందు 10 ఆంపియర్ల ఎంసీబీ ఉందనుకో. రేపెవరో ఆ లైటు పాయింటు నుంచే ఒక ప్లగ్గు తీసి 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె పెడతారు. అది 4 ఆంపియర్ల పైనే లాగుతుంది. వైరు వేడెక్కుతూనే ఉంటుంది, ఎంసీబీకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

అందుకని ముందు నిచ్చెన ఎక్కి కేబుల్ జాకెట్ మీద ఏం అచ్చు వేసి ఉందో చదువు. 0.75 అయితే 6 ఆంపియర్లు, 1.0 అయితే 10, 1.5 అయితే 16. ఇవి నాలుగు పక్కలా గాలి తగిలే చోట చెప్పే అంకెలు. కట్టగట్టి పడేసినా, వేడి ఆపడానికి పరిచిన దూది లాంటి దాని కింద పడినా ఇంకా తగ్గించుకోవాలి. దాని పక్కనే వోల్టేజి గ్రేడు కూడా ఉంటుంది. 300/300 అని ఉంటే అది టేబుల్ ల్యాంపులాంటి చిన్నవాటికి చేసిన పల్చటి వైరు, పైన ఉంచొద్దు. 300/500 అని ఉంటే మిగతా విషయాలు మాట్లాడుకుందాం. ఏమీ రాసి లేకపోతే మాట్లాడుకోవడానికేం లేదు, తీయించేయి.

ఒక అపోహ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ఎలక్ట్రీషియన్ నీకు ఇదే చెప్పి ఉంటాడు. సన్న తీగలు ఎక్కువుంటే కరెంటు ఎక్కువ పోతుందట, కరెంటు తీగ పైపైనే నడుస్తుందట. మన ఇంటికొచ్చే 50 హెర్ట్జ్ కరెంటు రాగిలో దాదాపు 9 మిల్లీమీటర్ల లోతు దాకా దిగుతుంది. అలాంటప్పుడు ఇందులోని పావు మిల్లీమీటరు తీగలో పైపైనే నడవడమన్న మాటే లేదు. నిజానికి ఫ్లెక్సిబుల్‌దే కాస్త వెనకబాటు. ఐఈసీ 60228 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 1.5 సాలిడ్ వైరుకి, అంటే లోపల ఒకే లావు తీగ ఉన్నదానికి, కిలోమీటరుకి 12.1 ఓములు మించకూడదు, ఫ్లెక్సిబుల్‌కి 13.3 దాకా ఒప్పుకుంటారు. ఇల్లంతా తిరిగినా ఆ తేడా నీ లైట్లకి తెలియదు, కాబట్టి దీని గురించి టెన్షన్ పడకు. అలాగే పైపుల్లో లాగే సింగిల్ కోర్ వైర్లలోనూ సన్న తీగలే ఉండొచ్చు. అవి పైపుల్లో శాశ్వతంగా ఉండటానికే చేసినవి, వాటిని చూసి గాభరా పడకు.

అసలు తంటా అంతా కొసల దగ్గరే. మధ్యలో వైరు దానంతటది పాడవడం చాలా అరుదు, కాలేది స్క్రూ కింద. ఒక స్విచ్ విప్పి చూడు. టెర్మినల్‌లో స్క్రూ మొన నేరుగా రాగి మీద తిరుగుతుంది. సాలిడ్ వైరైతే దాన్ని అదిమి పట్టుకుంటుంది. ఫ్లెక్సిబుల్ అయితే తీగలు రెండు పక్కలకీ తప్పుకుంటాయి, కొన్ని తెగుతాయి. 1.5 వైరులో ఉండేవే సుమారు 30 తీగలు. పది తెగితే ఆ చోట నీది 1.0 వైరు, నువ్వు మాత్రం 1.5 అనుకుంటూ ఉంటావు. బయటికి పొడుచుకొచ్చిన ఒక్క తీగ పక్క టెర్మినల్‌కో ఇనప డబ్బాకో తగిలితే చాలు, ఫట్టుమంటుంది. అదృష్టం బాగోకపోతే ఫట్టుమనదు కూడా, లోపల్లోపలే వేడెక్కుతుంది. వేడికి స్క్రూ వదులవుతుంది, వదులైనకొద్దీ ఇంకా వేడెక్కుతుంది.

దీనికి మందు ఫెరూల్ అనే చిన్న రాగి గొట్టం. ప్లాస్టిక్ మెడ ఉన్నదే తీసుకో, వైరు సైజుకి సరిపడేదే కావాలి. తొడుగు తీసేటప్పుడు బ్లేడు పెట్టనీయకు, స్ట్రిప్పరే వాడమను, బ్లేడుకి రెండు మూడు తీగలైనా పోతాయి. ఫెరూల్ పొడవు ఎంతో అంతే రాగి బయటపెట్టాలి. తీగల్ని గట్టిగా మెలిపెట్టొద్దు, చెదరకుండా వేళ్ళతో ఒకసారి సర్దితే చాలు. ఒక్క తీగ కూడా బయట మిగలకుండా గొట్టంలోకి దూర్చి, రంగు తొడుగు ప్లాస్టిక్ మెడలోకి వెళ్ళేదాకా నెట్టి, దానికోసం చేసిన క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కాలి. మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కితే చూడ్డానికి అతుక్కున్నట్టే ఉంటుంది, లాగితే ఊడి వస్తుంది. అందుకే నొక్కిన ప్రతిదాన్నీ ఒకసారి లాగి చూడు. ఒకే టెర్మినల్‌లోకి రెండు వైర్లు వెళ్ళే చోట, లూపు ఇచ్చిన దగ్గరన్నమాట, రెండూ పట్టే జంట ఫెరూల్ దొరుకుతుంది.

కొందరు దీనికి బదులు కొసకి సోల్డరింగ్ చేస్తారు. స్క్రూ కింద పెట్టేదానికి అది పనికిరాదు. సోల్డర్ మెత్తటి లోహం, ఒత్తిడికి మెల్లగా జరిగిపోతుంది. కొన్నాళ్ళకి స్క్రూ దానంతటదే వదులైపోతుంది. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు కనిపిస్తే అడగకుండానే కత్తిరించేయి. లివర్ ఎత్తి పెట్టే కనెక్టర్లయితే ఫ్లెక్సిబుల్‌కి బాగా పనికొస్తాయి. వైరుని అలాగే లోపలికి గుచ్చేసే రకాల్లో కొన్ని సాలిడ్ వైరుకే చేసినవి, వాటి మీద రాసి ఉంటుంది.

ఇంకొకటి, ఇది చూడకుండా దిగొద్దు. కేబుల్లో ఎన్ని కోర్లు, అంటే జాకెట్ లోపల ఎన్ని విడి వైర్లున్నాయి? రెండే ఉంటే ఎర్త్ లేదన్నమాట. ఈ రోజు నీ లైటు ప్లాస్టిక్‌ది కావచ్చు, రేపు అక్కడే లోహపు షాండ్లియర్ తగిలిస్తారు. మూడు ఉన్నా నమ్మకం లేదు. రెండు స్విచ్‌లతో ఒక లైటు వెలిగించే చోట ఒక కోరు తక్కువ పడి, పచ్చ పసుపు చారల వైర్లోనే ఫేజు పంపేవాళ్ళున్నారు. తర్వాత ఎప్పుడో ఇంకొకడు వచ్చి అది ఎర్తే అనుకుని చేత్తో పట్టుకుంటాడు. అలా కనబడితే ఇంక వాదన అక్కర్లేదు, ఆ ముక్క మొత్తం మార్పించు.

ఇక కేబుల్ పడుకున్న చోటు. ఫోటోలో అది సీలింగ్ ఇనప ఛానెళ్ళ మీద ఊరికే వాలిపోయి ఉంది. ఆ ఛానెళ్ళ అంచులు బ్లేడులా ఉంటాయి, ఎలుకల సంగతి వేరే చెప్పక్కర్లేదు. గోడలో ప్లాస్టరు కింద నేరుగా పాతేసిన ముక్క ఉంటే అది తీయాల్సిందే, ఎందుకంటే రేపు మార్చాలన్నా లాగడానికి రాదు, మేకు కొట్టేవాడికి కనిపించదు. ఈ విషయంలో దేశానికో రూలు. అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ఫ్లెక్సిబుల్ కార్డుని ఫిక్స్‌డ్ వైరింగ్‌కి బదులుగా వాడటాన్ని, ఇలా వేలాడే సీలింగ్ పైన దాచడాన్నీ కుదరదంటుంది. బ్రిటన్ వైరింగ్ నిబంధనలు బీఎస్ 7671 మాత్రం మిగతా షరతులన్నీ పాటిస్తే వాడుకోనిస్తుంది. నా మొగ్గు మొదటివాళ్ళ వైపే. షరతులన్నీ పాటించే ఓపిక ఉన్నవాడు అసలు ఫ్లెక్సిబుల్ జోలికే వెళ్ళడు. మీ దగ్గర ఏ రూలు నడుస్తుందో లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ని అడిగి తెలుసుకో.

కాబట్టి నీ సంగతికొస్తే, అది 1.5, మూడు కోర్లు, 300/500 అయ్యుండి, మీ దగ్గరి రూలు ఒప్పుకుంటే, బోర్డు నుంచి వైర్లు కలిపే జంక్షన్ బాక్సుల దాకా పైపులోకి ఎక్కించి, ప్రతి కొసకీ ఫెరూల్ వేయించి ఉంచుకో. లేకపోతే అంతవరకూ మామూలు సింగిల్ కోర్ వైర్లు పైపులో లాగించు. ఫ్లెక్సిబుల్‌ని జంక్షన్ బాక్సు నుంచి లైటు దాకా కనబడేలా ఉండే మీటరు ముక్కకి వాడు. అక్కడ దానికి సాటి లేదు, లైటుని కిందికి దించి విప్పుకోవడానికి వీలుగా వంగుతుంది. బాక్సులోకి వెళ్ళే చోట జాకెట్‌ని పట్టుకునే గ్లాండ్ ఉండాలి, లైటు బరువు స్క్రూల మీద పడకూడదు.

పని అయ్యాక మెగ్గర్ పెట్టించు, వైరు తొడుగు ఎక్కడైనా కరెంటు వదులుతోందేమో చూసే మీటరది. లైట్లు, డ్రైవర్లు, డిమ్మర్లు అన్నీ విప్పేసిన తర్వాతే, లేకపోతే 500 వోల్టులకి అవి పోతాయి. 1 మెగాఓమ్ కనీసం రావాలి. కొత్త వైరు అంతకంటే ఎంతో ఎక్కువ చూపిస్తుంది, ఒకటికి దగ్గర్లో ఉంటే ఎక్కడో దెబ్బ తిన్నట్టే. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎర్త్‌కి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, లేకపోతే అది కూడా ఈ పనిలోనే పెట్టించేయి. నువ్వు స్వయంగా చెయ్యి పెట్టేదేమైనా ఉంటే మెయిన్ ఆపి, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజి లేదని మీటరుతో చూసుకున్నాకే పెట్టు. నియాన్ టెస్టర్ వెలగలేదని ధైర్యపడకు.

సీలింగ్ మూసేముందు ప్రతి జంక్షన్ బాక్సునీ, గోడ నుంచి ఎంత దూరంలో ఉందో టేపు పెట్టి, ఫోటో తీసి దాచుకో. నాకూ పంపు. మూతలు బిగించినవి కాదు, తీసి ఉంచినవి.

ఇట్లు,
మీ మావయ్య