కిటికీల వరస ఫొటో ఎందుకు చప్పగా ఉంది?

కిటికీల డిజైన్‌లో లోపం లేదు, మీ ఫ్రేములో చుట్టూ ఆకాశం, నేల కనబడుతున్నాయి. కిటికీల వరస ఫ్రేము దాటి పోతే మిగతాది మనసే గీసుకుంటుంది. అంచు కనబడిందా, “ఇంతేనా” అనిపిస్తుంది.

1. వైడ్ లెన్స్ వద్దు, అంచుల్లో గీతలు వంగుతాయి. వెనక్కి జరిగి జూమ్ చేయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఫోన్ గోడకు సమాంతరంగా ఉండాలి. పైకెత్తి తీస్తే నిలువు గీతలు పైన దగ్గరికొస్తాయి. కెమెరాలో గ్రిడ్ (తెర మీద అడ్డం, నిలువు గీతలు) ఆన్ చేసి ఎడమ, కుడి చివరి కిటికీలు రెండూ సరిచూడండి. కొంచెం వాలినా కన్ను పట్టేస్తుంది. వంచాలనుకుంటే 30 డిగ్రీలు వంచేయండి, అప్పుడు కావాలనే చేశారని తెలుస్తుంది.

3. ఒక్కచోట వరస తెగనివ్వండి. తెరిచిన కిటికీ రెక్క ఒక్కటి చాలు, చూపు అక్కడే ఆగుతుంది. రెండైతే నాకు మాత్రం గందరగోళమే.