ఇన్ని లక్షల ఉద్యోగాలు: ఎవరి జీతాల పట్టీలో?

ఒక పార్టీ ఇరవై లక్షల ఉద్యోగాలు ఇస్తామంటోంది, మరొకటి తాము ఇప్పటికే లక్షల ఉద్యోగాలు ఇచ్చామంటోంది, విశాఖలో తొలిసారి ఓటు వేయబోయే నేను ఈ రెండింటినీ ఎలా పోల్చాలి అని మీరు అడిగారు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ పూర్తిచేసిన మీ తమ్ముడికి వీటిలో ఏది పనికొస్తుందని కూడా అడిగారు. నాకు ఏ పార్టీ సభ్యత్వమూ లేదు. గాజువాక ఆటోనగర్ చుట్టుపక్కల చిన్న కాంట్రాక్టర్లకు పీఎఫ్, ఈఎస్ఐ లెక్కలు రాసిపెట్టడం చాలా ఏళ్లుగా నా వృత్తి. కాబట్టి ఆర్థికవేత్తగా కాక, జీతాల పట్టీలు రాసే మనిషిగా జవాబిస్తున్నాను.

నా బల్ల దగ్గర ఉద్యోగమంటే ఒక పేరు, దాని పక్కన యూఏఎన్ నంబరు (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు), పనిచేసిన రోజులు, జీతం, అందులో పన్నెండు శాతం కోత. ప్రతి నెలా పదిహేనో తేదీలోపు ఈ పట్టీని పీఎఫ్ పోర్టల్‌లోకి ఎక్కించి చలానా కట్టాలి. పరవాడ ఫార్మా సిటీలోనో అచ్యుతాపురం సెజ్‌లోనో (ప్రత్యేక ఆర్థిక మండలిలోనో) ఏదైనా కర్మాగారానికి షట్‌డౌన్ వచ్చిందంటే, అంటే మరమ్మతుల కోసం కొన్నాళ్లు ఆపారంటే, కాంట్రాక్టరు పట్టీలోకి ఒక్కసారిగా నలభై యాభై కొత్త పేర్లు వచ్చి చేరతాయి. ఫిట్టర్లు, వెల్డర్లు, రిగ్గర్లు, కలాసీలు అందరూ గేట్‌పాస్‌లతో లోపలికి వెళ్తారు. నెలన్నర తిరిగేసరికి అవే పేర్ల ఎదుట పని మానిన తేదీ వేస్తాను. తర్వాతి నెలలో అదే వెల్డరు ఇంకో కాంట్రాక్టరు పట్టీలో కనిపిస్తాడు. యూఏఎన్ ఒక్కటే అయినా దాని కింద కంపెనీకొకటి చొప్పున మెంబర్ ఐడీలు మూడో నాలుగో ఉంటాయి. మొదటి కంపెనీ ఇచ్చిన ఉపాధి లెక్కలో అతను ఉంటాడు, రెండో కంపెనీ లెక్కలోనూ ఉంటాడు. ఆ రెండు అంకెలనూ కలిపి కరపత్రంలో అచ్చువేస్తే అతను ఇద్దరవుతాడు గాని, అతని ఇంట్లోకి ఏడాదిలో వచ్చేది ఏడెనిమిది నెలల సంపాదనే.

కేంద్రం ప్రతినెలా విడుదల చేసే పీఎఫ్ చేరికల లెక్కలను కొత్త ఉద్యోగాలకు రుజువుగా చూపడం ఢిల్లీ నుంచి గల్లీ దాకా అలవాటైపోయింది. ఆ లెక్క తప్పని నేననను. అయితే ఇరవై మంది లేదా అంతకు మించి పనివాళ్లున్న సంస్థకు పీఎఫ్ చట్టం వర్తిస్తుంది కాబట్టి, పద్దెనిమిది మందితో నడుస్తున్న వర్క్‌షాపు మరో ఇద్దరిని పెట్టుకున్న నెలలో ఇరవై పేర్లూ చేరికలుగానే పడతాయి. నిజానికి ఆ నెలలో పుట్టిన ఉద్యోగాలు రెండే. మిగిలిన పద్దెనిమిది మందికి భద్రత దొరికింది, అది మంచి విషయమే, కాని దాన్ని ఉద్యోగ సృష్టి అనలేం.

అందుకే ఎంత పెద్ద సంఖ్య విన్నా నేను వేసే మొదటి ప్రశ్న ఒక్కటే: ఈ ఉద్యోగం ఎవరి పట్టీలో ఉంటుంది, ఎన్ని నెలలు ఉంటుంది? గత ఎన్నికల ముందు మా ప్రాంతంలోని చిన్న పరిశ్రమల వాళ్ల సమావేశానికి ఒక అభ్యర్థి వచ్చి, రాబోయే పరిశ్రమల పేర్లు, ఒక్కోదాని పక్కన వేలల్లో ఉద్యోగాల సంఖ్య చదివారు. ఆ వేలల్లో కాంట్రాక్టు కార్మికులు ఎందరు, నిర్మాణం పూర్తయ్యాక మిగిలేవాళ్లు ఎందరు అని అడిగాను. ఆయన కాగితం తిరగేసి చూసి, పక్కనున్న అనుచరుడి వైపు చూసి, “అన్నీ కలిపే చెబుతున్నామండి” అన్నారు. ఆయన నిజాయితీగానే చెప్పారని నాకనిపించింది, ఎందుకంటే ఆ కాగితంలో అంతకు మించి ఏమీ లేదు.

ప్రభుత్వ కొలువుల హామీని సరిచూసుకోవడం అన్నిటికన్నా తేలిక. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు లక్షకు పైగా పోస్టులను రాత పరీక్ష పెట్టి భర్తీ చేశారు. మొదట నెలకు 15,000 రూపాయలతో ప్రొబేషన్ నడిచింది, 2022లో రెగ్యులర్ జీతపు స్కేలు వచ్చింది. అవి నిస్సందేహంగా ఉద్యోగాలే. అదే కాలంలో నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో రెండున్నర లక్షలకు పైగా వాలంటీర్లను తీసుకున్నారు. ఈ రెండింటినీ కలిపి నాలుగు లక్షల ఉద్యోగాలని అప్పటి వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం ప్రచారం చేసుకుంది. మరోవైపు 2024 ఎన్నికల్లో టీడీపీ, జనసేన, బీజేపీల కూటమి ఆ గౌరవ వేతనాన్ని పది వేలకు పెంచుతామని ప్రకటించింది, గెలిచాక ఆ వ్యవస్థే కొనసాగలేదు. అదే కూటమి 16,347 ఉపాధ్యాయ పోస్టుల మెగా డీఎస్సీకి 2024 జూన్‌లో తొలి సంతకం చేసి, 2025 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ ఇచ్చి, సెప్టెంబరులో నియామక పత్రాలు ఇచ్చింది. అంటే అధికారంలో ఉన్నవాళ్లు గట్టిగా తలచుకున్న నియామకానికి కూడా పదిహేను నెలలు పట్టింది. ఎవరైనా వంద రోజుల్లో అన్ని ఖాళీలూ నింపుతామంటే ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి. నిరుద్యోగ భృతిని మాత్రం ఈ పద్దులో వేయకండి. అది 2018లో వెయ్యి రూపాయలతో మొదలైన యువనేస్తమైనా, 2024లో ప్రకటించిన మూడు వేలైనా, ఉద్యోగం దొరికేదాకా ఇచ్చే ఆసరా.

ఇక కూటమి చెప్పిన ఇరవై లక్షల మాటకొద్దాం. ఐదేళ్లంటే అరవై నెలలు, అంటే నెలకు 33 వేల పైచిలుకు. హామీ ఇచ్చినప్పటి 26 జిల్లాలకు పంచితే జిల్లాకు నెలనెలా దాదాపు 1,280. విశాఖ, అనకాపల్లి, తిరుపతి లాంటి చోట్ల ఇది ఊహకు అందుతుంది. మన ఉత్తరాంధ్రలోనే ఉన్న పార్వతీపురం మన్యంలో నెలనెలా అన్ని ఉద్యోగాలు ఎక్కడ పుడతాయి? పుట్టకపోతే ఆ వాటా కూడా విశాఖే మోయాలి, అక్కడి పిల్లలు ఇక్కడికి వచ్చి అద్దె గదుల్లో ఉండాలి. హామీలో ఆ అద్దె ప్రస్తావన ఎప్పుడూ ఉండదు.

పెట్టుబడుల సదస్సుల సంఖ్యలను నేను పార్టీల వారీగా కాక, ఒక్కో ఉద్యోగానికి ఎంత పెట్టుబడి అని భాగించి చూస్తాను. 2023 మార్చిలో ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానంలో జరిగిన సదస్సులో వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం దాదాపు 13 లక్షల కోట్ల రూపాయల ఒప్పందాలు, 6 లక్షల ఉద్యోగాలు అంది. అంటే ఒక్కో ఉద్యోగానికి రెండు కోట్లకు పైనే. 2025 నవంబరు సదస్సులో కూటమి ప్రభుత్వం 13.25 లక్షల కోట్లు, 16 లక్షల ఉద్యోగాలు అంది. అంటే ఒక్కోదానికి 83 లక్షలు. ఊరు అదే, మొత్తం పెట్టుబడీ ఇంచుమించు అంతే, ఉద్యోగాలు మాత్రం రెండున్నర రెట్లకు పైగా అయ్యాయి. పరిశ్రమల రకం మారితే అలా జరగవచ్చు, లెక్కించే పద్ధతి మారినా జరగవచ్చు. పరోక్ష ఉపాధిని, అంటే క్యాంటీను వాడిని, ఆటో డ్రైవరును, సిమెంటు దుకాణాన్ని ఎంతవరకు కలిపారన్నది చెప్పకుండా ఈ రెండు సంఖ్యల్లో ఏది మెరుగో ఎవరూ తేల్చలేరు. పైగా రెండూ ఒప్పందాల మీద వేసిన లెక్కలే. ఒప్పందం మీద సంతకానికీ మొదటి జీతానికీ నడుమ భూమి, పర్యావరణ అనుమతి, నీరు, విద్యుత్తు, బ్యాంకు రుణం అన్నీ దాటాలి.

దీనికన్నా ఒక్కో సంస్థను విడిగా చూస్తే విషయం బాగా తెలుస్తుంది. రుషికొండలో 21 ఎకరాల పైచిలుకు భూమిని టీసీఎస్‌కు నామమాత్రంగా 99 పైసలకు ఇవ్వాలని ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. సంస్థ వైపు నుంచి 1,370 కోట్ల పెట్టుబడి, 12,000 ఉద్యోగాలు అన్నారు. ఉద్యోగానికి పదకొండున్నర లక్షల లోపే పడుతుంది. పూడిమడకలో ఎన్‌టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రానికి 1.85 లక్షల కోట్లు అన్నారు, గూగుల్ డేటా కేంద్రానికి ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు అన్నారు. డబ్బు అక్కడ ఎన్నో రెట్లు ఎక్కువ, అయినా యంత్రాలే ఎక్కువ పని చేసే చోట శాశ్వత సిబ్బంది తక్కువగానే ఉంటారు. నిర్మాణం జరిగినన్నాళ్లు ఎలక్ట్రీషియన్లకు, వెల్డర్లకు, పైపు ఫిట్టర్లకు చేతినిండా పని దొరుకుతుంది. ఆ తర్వాత లోపల ఉండేది చల్లదనం చూసే టెక్నీషియన్లు, భద్రతా సిబ్బంది, కొద్దిమంది ఇంజినీర్లు. అలాంటి ప్రాజెక్టులు వద్దని నేననడం లేదు. నగరానికి పన్ను, పేరు, అనుబంధ సంస్థలు వస్తాయి. అయితే కోట్ల లెక్క చూపించి ఉద్యోగాల ఓటు అడిగే అభ్యర్థిని ఆ రెండింటినీ విడదీసి చెప్పమనండి. భూమి ధర తగ్గించినప్పుడు, చెప్పిన సంఖ్య ఏ ఏడాదికి రావాలి, రాకపోతే భూమి వెనక్కి వస్తుందా అన్నది కూడా అడగవలసిందే.

రాయితీల సంగతి మా వృత్తికి దగ్గరిది కాబట్టి కాస్త విడమరచి చెబుతాను. సాధారణంగా పరిశ్రమకు రాయితీ పెట్టిన మూలధనాన్ని బట్టి వస్తుంది, యంత్రం కొంటే డబ్బు తిరిగొస్తుంది. 2025 ఆగస్టు 1 నుంచి కేంద్రం అమలు చేస్తున్న వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన ఇందుకు భిన్నమైనది. తొలిసారి పీఎఫ్‌లో చేరినవారికి 15,000 రూపాయల వరకు రెండు విడతల్లో ఇస్తారు, మొదటి విడత ఆరు నెలలు పనిలో నిలిచాకే. అదనంగా పెట్టుకున్న మనిషిని ఆరు నెలలు నిలబెట్టుకుంటే యజమానికి నెలకు 3,000 వరకు వస్తుంది. దీని నియమాలు విన్న కాంట్రాక్టరు మనిషిని ఎలా తెచ్చుకోవాలని కాక, ఆరు నెలలు ఎలా నిలుపుకోవాలని అడగడం నేను నా బల్ల దగ్గర చూశాను. యంత్రానికి ఇచ్చే రాయితీ ఆ ప్రశ్న పుట్టించదు. ఏ అభ్యర్థి అయినా, ఏ పార్టీ అయినా, రాష్ట్ర రాయితీలను కూడా ఇలా నిలిచిన ఉద్యోగానికి ముడిపెడతానంటే ఆ ప్రణాళికకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

అభ్యర్థి చేతిలో ఏముందో చూడటం మరో ముఖ్యమైన పని. ఉక్కు కర్మాగారాన్నే తీసుకోండి. 2021 జనవరిలో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది, 2025 జనవరిలో కేంద్రమే 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ఇచ్చింది. రెండు నిర్ణయాలూ ఢిల్లీవే. కార్పొరేటరు అభ్యర్థి “ఉక్కును కాపాడతాను” అంటే అది అభిమానం, ఎంపీ అభ్యర్థి అంటే అది కొంతవరకు హామీ. ఆ ప్యాకేజీలో అధిక భాగం వాటా మూలధనం, మిగిలింది అప్పు సర్దుబాటు. అది కర్మాగారాన్ని నిలబెట్టే డబ్బు, ఉద్యోగాల సంఖ్యకు పూచీ కాదు. గేటు లోపల కాంట్రాక్టు పనివాళ్లు ఎందరుంటారన్నది వేరే ప్రశ్న, మా గాజువాక ఇళ్లకు అదే పెద్ద ప్రశ్న. ఎంపీకి ఏటా వచ్చే ఐదు కోట్ల స్థానికాభివృద్ధి నిధులు భవనాలకు, రోడ్లకు, పరికరాలకే గాని ఎవరికీ జీతంగా ఇవ్వడానికి వీల్లేదు.

స్థానికులకే 75 శాతం అనే మాట కూడా మళ్లీ వినిపిస్తుంది. మన రాష్ట్రం 2019లోనే ఆ చట్టం చేసింది. అలాంటిదే హర్యానా చేస్తే 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టివేసింది. చట్టం ఉన్నా షట్‌డౌన్ పనులకు ఒడిశా, బీహార్ నుంచి మనుషులు రావడం ఆగలేదు, ఎందుకంటే పని తెలిసిన యాభై మందిని వారంలో తెచ్చే మేస్త్రీ అక్కడ ఉన్నాడు. ఇక్కడ అలాంటి ఏర్పాటు ఎవరు చేస్తారో చెప్పని స్థానిక హామీ కోర్టుల్లోనే తిరుగుతుంది.

పార్టీ మేనిఫెస్టోను చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక్కటి వెతకండి. సుప్రీంకోర్టు 2013 తీర్పు తర్వాత ఎన్నికల సంఘం ప్రవర్తనా నియమావళిలో మేనిఫెస్టోల గురించి ఒక భాగం చేర్చింది. హామీల వెనుక హేతువును, వాటికి కావలసిన డబ్బు వచ్చే మార్గాన్ని స్థూలంగానైనా సూచించాలని అందులో ఉంది. ఉద్యోగాల పేజీలో ఆ రెండు వాక్యాలు ఉన్నాయో లేవో చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

మీ తమ్ముడి విషయానికొస్తే, ఫిట్టరుకు లక్షల సంఖ్య కన్నా అప్రెంటిస్ సీటు విలువైనది. ముప్పై మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలు, కాంట్రాక్టు సిబ్బందిని కూడా కలుపుకుని, మొత్తం బలగంలో రెండున్నర నుంచి పదిహేను శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని నియమం ఉంది. పరవాడ, అచ్యుతాపురం, దువ్వాడ సెజ్‌లలోని కంపెనీల్లో ఎన్ని దాన్ని పాటిస్తున్నాయో తనిఖీ చేయించి ఆ జాబితా బయటపెడతానని మీ నియోజకవర్గ అభ్యర్థి ఎవరైనా అంటే, అది తన పరిధిలో చేయగల పని, ఏడాదిలో సరిచూడగల పని. ప్రచారానికి మీ వీధికి వచ్చిన ప్రతి ఒక్కరినీ ఇదే అడగండి, జవాబులను ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. ఈలోగా నావల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ ప్రకటన కోసం చూస్తూ ఉండమనండి. ఐటీఐ అయినవారిని రాత పరీక్ష పెట్టి తీసుకుంటారు, ఫిట్టరు ట్రేడుకు అందులో సీట్లుంటాయి, దానికి ఎన్నికలతో పనిలేదు.