బైజాంటైన్ వాళ్ళు నిజంగా రోమన్లేనా?

కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) రాజధానిగా నిలిచిన తూర్పు రోమన్ సామ్రాజ్యం వాళ్ళది. వాళ్ళనే అడిగితే "మేం రోమన్లం" అనేవాళ్ళు, బైజాంటైన్ అన్న పేరు సామ్రాజ్యం పోయిన వందేళ్ళకి 1557లో ఒక జర్మన్ పండితుడి పుస్తకంతో మెల్లగా వాడుకలోకొచ్చింది. మాట్లాడేది గ్రీకు, మతం క్రైస్తవం, చట్టం మాత్రం రోమ్‌దే, దాన్నంతా ఒకచోట చేర్పించింది వాళ్ళ చక్రవర్తి జస్టీనియన్, యూరప్ సివిల్ లా చాలావరకు అక్కణ్ణుంచి వచ్చిందే. ఆయన రాజధానిలో కట్టించిన పెద్ద చర్చి హాగియా సోఫియా 537కల్లా, ఆరేళ్ళలోపే లేచింది. గుమ్మటం అడుగున చుట్టూ 40 కిటికీలు, వాటిలోంచి వెలుగు పడుతుంటే అంత బరువూ గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది, ఫొటోలో చూసినా సరే. 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ని పట్టుకున్న ఒట్టోమన్ తుర్కులు కూడా తర్వాత తమ పెద్ద మసీదులకి హాగియా సోఫియానే నమూనాగా పెట్టుకున్నారు. అన్నట్టు, రష్యన్లు రాసే సిరిలిక్ లిపిలో ఎక్కువ అక్షరాలు వీళ్ళ గ్రీకు లిపి నుంచి వచ్చినవే.