డాక్టర్ సలహా: నిదానంగా తొక్కే సైకిల్ యాత్రకు వెళ్లవచ్చా?

ప్రశ్న: నా వయసు 53 ఏళ్లు. అయిదేళ్లుగా మధుమేహానికి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, అధిక రక్తపోటుకు మెటోప్రొలాల్ వాడుతున్నాను. రెండు నెలల తర్వాత స్నేహితులతో కలిసి ఉత్తర ఐరోపాలోని హీత్ పొదల మైదానాలు, అడవుల మీదుగా రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున వారం రోజులు సైకిల్‌పై తిరగాలని అనుకుంటున్నాను. పోటీ కాదు, నిదానంగా చూసుకుంటూ సాగే యాత్ర. మొన్న సాధనగా 25 కిలోమీటర్లు తొక్కితే కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కాయి, మోకాలి చిప్ప ముందు నొప్పి వచ్చింది. అక్కడ పిడుదులు కుట్టి జబ్బులు వస్తాయని కూడా భయపెడుతున్నారు. నేను వెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: మీరు వెళ్లవచ్చనే నా అభిప్రాయం. అయితే నిదానంగా తొక్కుతాం కాబట్టి శరీరానికి శ్రమ ఉండదన్న ఆలోచనను ముందుగా పక్కన పెట్టండి. వేగం తక్కువైనప్పుడు గుండెపై భారం తగ్గే మాట నిజమే కానీ, సీటు మీద కూర్చునే సమయం పెరుగుతుంది, చేతులు, నడుము, మోకాళ్లు గంటల తరబడి ఒకే భంగిమలో ఉండిపోతాయి. నిమిషానికి 70 సార్లు పెడల్ తిప్పుతూ మూడు గంటలు తొక్కితే ఒక్కో మోకాలు 12,600 సార్లు వంగి లేస్తుంది. సీటు ఎత్తులో ఉన్న చిన్న లోపం అన్నిసార్లూ అదే చోట నొక్కుతుంది. మీ మోకాలి నొప్పికి, వేళ్ల తిమ్మిరికి మూలం చాలావరకు ఇక్కడే ఉందని నాకు అనిపిస్తోంది.

ముందుగా వేళ్ల సంగతి చూద్దాం. మధుమేహం ఉన్నవారికి తిమ్మిరి అనగానే నరాలు దెబ్బతిన్నాయేమోనన్న అనుమానం రావడం సహజం. కానీ మధుమేహం వల్ల వచ్చే నరాల సమస్య సాధారణంగా రెండు పాదాల్లోనూ మొదలై నెమ్మదిగా పైకి పాకుతుంది. మీకు సైకిల్ తొక్కిన తర్వాత ఒకే చేతిలో, అదీ చిటికెన వేలు, ఉంగరపు వేళ్లలోనే వచ్చింది. ఆ వేళ్లకు స్పర్శనిచ్చే అల్నార్ నరం మణికట్టు దగ్గర, అరచేతి కింది మెత్తటి భాగంలో ఒక ఇరుకైన సందు గుండా వెళుతుంది. హ్యాండిల్‌పై బరువంతా వేసి, మణికట్టును వెనక్కి వంచి పట్టుకున్నప్పుడు ఆ నరం సరిగ్గా అక్కడే నలుగుతుంది. మధుమేహుల నరాలు ఇలాంటి ఒత్తిడికి తొందరగా లొంగుతాయి కాబట్టి మీరు మరింత జాగ్రత్త పడాలి. సీటు ముందు కొన కిందికి వంగి ఉంటే శరీరం ముందుకు జారి బరువు చేతుల మీద పడుతుంది కనుక సీటును సమతలంగా ఉంచండి. హ్యాండిల్‌ను కాస్త ఎత్తించుకోండి, మెత్త ఉన్న గ్లవ్స్ వేసుకోండి, మణికట్టును నిటారుగా ఉంచి ప్రతి కొన్ని నిమిషాలకు పట్టు మార్చండి. సైకిల్ దిగిన తర్వాత కూడా తిమ్మిరి రోజుల తరబడి ఉన్నా, చొక్కా గుండీ పెట్టుకోవడానికి, తాళం తిప్పడానికి వేళ్లలో బలం చాలకపోయినా ఆలస్యం చేయకుండా నరాల పరీక్ష చేయించుకోవాలి.

మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పికి ఎక్కువగా కనిపించే కారణాలు రెండు: సీటు మరీ కిందికి ఉండటం, బరువైన గేరులో బలంగా తొక్కడం. సీటు మీద కూర్చుని మడమను పెడల్‌పై ఉంచి, పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి చూడండి. అప్పుడు కాలు దాదాపు నిటారుగా చాపుకోవాలి. మడమ బదులు పాదం ముందు భాగాన్ని ఉంచి తొక్కేటప్పుడు మోకాలు కాస్తే వంగి ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా వంగుతోందనుకుంటే సీటును ఒకేసారి పైకి లేపకుండా అయిదేసి మిల్లీమీటర్ల చొప్పున పెంచుతూ రెండు మూడు రోజులు తొక్కి చూడండి. మరీ ఎత్తుకు పోతే నొప్పి మోకాలి వెనక్కి మారుతుంది, నడుము అటూఇటూ ఊగుతుంది. గాలికి ఎదురుగా తొక్కేటప్పుడు తేలికైన గేరుకు మారి పెడల్ వడిగా తిరగనివ్వండి. ఈ మార్పులు చేసినా నొప్పి తగ్గకపోతే, మోకాలు వాచినా, పట్టేసినట్టు ఉన్నా ఎముకల వైద్యునికి చూపించుకున్న తర్వాతే యాత్ర సంగతి ఆలోచించండి.

సీటు వల్ల వచ్చే మరో ఇబ్బందిని చాలామంది మొహమాటంతో డాక్టరుకు కూడా చెప్పరు. జననాంగాల దగ్గర మొద్దుబారినట్టు అనిపించడం అక్కడి నరంపై, రక్తనాళాలపై ఒత్తిడికి గుర్తు. పది, పదిహేను నిమిషాలకోసారి పెడల్స్ మీద లేచి నిలబడాలి. అయినా తగ్గకపోతే సీటు వెడల్పు మీకు సరిపడటం లేదని అర్థం. మెత్త ఉన్న సైక్లింగ్ షార్ట్స్‌ను లోపల మరో లోదుస్తు లేకుండా వేసుకోవాలి, రోజూ ఉతికినది మార్చుకోవాలి. మధుమేహం ఉన్నవారిలో చిన్న ఒరుపు కూడా చీము గడ్డగా మారే అవకాశం ఎక్కువ.

మీ మందుల విషయం నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తోంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ తోడైనప్పుడు, గంటల తరబడి కండరాలు పనిచేస్తున్నప్పుడు, భోజనం ఆలస్యమైతే ఆ ప్రమాదం స్పష్టంగా ఉంటుంది. దానికి తోడు మీరు వాడుతున్న మెటోప్రొలాల్, చక్కెర పడిపోయినప్పుడు కనిపించే గుండెదడ, చేతుల వణుకు అనే హెచ్చరికలను కప్పేస్తుంది. మిగిలేది చెమట. సైకిల్ తొక్కేవారికి చెమట పట్టడం మామూలే కనుక దాన్ని ఎవరూ పట్టించుకోరు. నా దగ్గర చికిత్స తీసుకునే ఒకాయన ఇలాగే మధ్యాహ్నం దాకా తొక్కి, దారి గుర్తు ఉన్న బోర్డు ముందు నిలబడి అక్షరాలు కనిపిస్తున్నా అర్థం కావడం లేదని పక్కవారితో అన్నారు. వాళ్లు వెంటనే చక్కెర నీళ్లు తాగించారు కాబట్టి సరిపోయింది. అందువల్ల యాత్ర రోజుల్లో గ్లిమెపిరైడ్ మోతాదు తగ్గించాలా అన్నది మీ డాక్టరుతో ఇప్పుడే మాట్లాడండి. సొంతంగా మందు మానకండి, ముఖ్యంగా మెటోప్రొలాల్‌ను ఒక్కసారిగా ఆపడం గుండెకు ప్రమాదం. ఉదయం బయల్దేరే ముందు, మధ్యాహ్నం ఆగినప్పుడు, పడుకునే ముందు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. బయల్దేరేటప్పుడు 100 మి.గ్రా. కంటే తక్కువుంటే ఏదైనా తిన్న తర్వాతే సైకిల్ ఎక్కండి. 70 కంటే తగ్గితే మూడు నాలుగు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించుకోండి. శ్రమ చేసిన రోజు రాత్రి నిద్రలో కూడా చక్కెర పడిపోవచ్చు కాబట్టి పడుకునే ముందు చేసే పరీక్షను ఎంత అలసిపోయినా మానవద్దు. మెట్లు ఎక్కినప్పుడు ఛాతీలో బరువు, అసాధారణమైన ఆయాసం ఉన్నాయేమో కూడా గుర్తు తెచ్చుకుని చెప్పండి. అవి ఉంటే గుండె పరీక్షలు కాకుండా బయల్దేరకూడదు. దారిలో మాత్రం తొక్కుతూ పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం మీకు తగినట్టే.

పిడుదుల విషయంలో భయం అక్కర్లేదు, కానీ శ్రద్ధ కావాలి. అవి ఎగరవు, దూకవు. గడ్డి కొసల మీద, ఫెర్న్ ఆకుల మీద ముందు కాళ్లు చాచుకుని, మన బట్టలు రాసుకుపోయేదాకా ఎదురుచూస్తూ ఉంటాయి. కాబట్టి దారి మధ్యలో తొక్కుకుంటూ వెళ్లేటప్పుడు ప్రమాదం తక్కువ. విశ్రాంతికోసం గడ్డిలో కూర్చున్నప్పుడు, పొదల్లోకి నాలుగడుగులు వేసినప్పుడు అవి అంటుకుంటాయి. బెంచీ మీదో, మొక్కలు లేని ఇసుక మీదో కూర్చోండి. లేత రంగు బట్టలు వేసుకుంటే పాకేవి కనిపిస్తాయి. ఎక్కువగా కుట్టేవి గసగసాల గింజంత ఉండే పిల్ల పిడుదులు. కుట్టినట్టు తెలియదు కూడా. రోజూ సాయంత్రం స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనుక, గజ్జల్లో, చంకల్లో, నడుము పట్టీ దగ్గర, చెవుల వెనుక, జుట్టు అంచుల్లో వేలితో తడిమి చూడండి. నిన్నటిదాకా లేని పుట్టుమచ్చ కనిపిస్తే అనుమానించండి.

పిడుదు పట్టుకుని ఉంటే సన్నటి మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనుకుని దాని తల దగ్గర పట్టి, మెలితిప్పకుండా నెమ్మదిగా నిటారుగా లాగండి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం, దాని పొట్ట నొక్కడం చేయవద్దు. తర్వాత సబ్బుతో కడగండి. పిడుదు కాటుతో సోకే లైమ్ వ్యాధిని కలిగించే బొరేలియా అనే బ్యాక్టీరియా పిడుదు పొట్టలో ఉంటుంది. అది మన ఒంట్లోకి చేరడానికి సాధారణంగా చాలా గంటలు పడుతుంది కాబట్టి అదే రోజు తీసేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. కుట్టిన 3 నుంచి 30 రోజుల్లోగా అక్కడ మచ్చ వచ్చి రోజురోజుకూ విస్తరిస్తుందేమో గమనించండి. అది దురద పెట్టకపోవచ్చు, నొప్పి ఉండకపోవచ్చు. పుస్తకాల్లో చూపే ఎర్రటి వలయం మన చామనఛాయ చర్మంపై అంత స్పష్టంగా కనిపించక, నల్లబారినట్టు, కమిలినట్టు ఉండవచ్చు. తొలి దశలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ వంటి మందులతో నయమవుతుంది. పిడుదుల ద్వారా వచ్చే మెదడువాపు వ్యాధి ఐరోపాలోని కొన్ని ప్రాంతాల్లో ఉంది. దానికి ప్రత్యేకమైన మందు లేదు కానీ టీకా ఉంది. అది పలు మోతాదుల్లో ఇచ్చేది కనుక మీరు వెళ్లే ప్రాంతానికి అవసరమో లేదో ఇప్పుడే కనుక్కోండి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే అదీ వేయించుకోండి.

హీత్ మైదానాల్లో నేల ఇసుకమయం. చక్రం ఇసుకలో దిగబడి సైకిల్ ఒరిగినప్పుడు చెయ్యి నేలకు ఆనించి మణికట్టు విరగ్గొట్టుకునేవారు ఉంటారు. మెత్తటి ఇసుక కనిపించగానే దిగి నడిపించుకు వెళ్లండి. హెల్మెట్ తప్పనిసరి. బహిరంగ మైదానంలో నీడ దొరకదు కాబట్టి మధ్యాహ్నపు ఎండ వేళను అడవి దారికి కేటాయించుకుంటే మంచిది.

చేతిలో రెండు నెలలు ఉన్నాయి కాబట్టి వారానికి మూడు సార్లు తొక్కుతూ, చివరి నెలలో శని, ఆదివారాలు వరుసగా రెండు రోజులు 35 కిలోమీటర్ల చొప్పున ప్రయత్నించండి. ఒక్కరోజు 40 కిలోమీటర్లు తొక్కగలగడం వేరు, మర్నాడు పొద్దున అదే సీటు మీద మళ్లీ కూర్చోగలగడం వేరు. యాత్రలో నాలుగో రోజును విశ్రాంతికి వదిలేయండి. గ్లూకోజు పొట్లాన్ని సంచి అడుగున కాకుండా హ్యాండిల్‌కు తగిలించిన చిన్న సంచిలో పెట్టండి, అది అక్కడ ఉందని, ఎప్పుడు ఇవ్వాలో మీతో వచ్చే ప్రతి ఒక్కరికీ చెప్పండి. పిడుదు కుట్టిన తేదీని రాసిపెట్టుకోండి. తిరిగొచ్చిన తర్వాత నెల రోజుల్లో జ్వరం గానీ, మచ్చ గానీ వస్తే ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ముందుగా ఆ తేదీని, మీరు తిరిగొచ్చిన ప్రాంతాన్ని చెప్పండి.